కుర్చీ కదలదు, చూపు ఆగదు: ‘రియర్ విండో’ పద్ధతిలో ఉత్కంఠను కట్టడం ఎలా?

కాలు విరిగి చక్రాల కుర్చీకి అతుక్కుపోయిన ఒక ఫొటోగ్రాఫర్. పెరటికి అవతల పదుల కొద్దీ కిటికీలు. వాటిలో ఒక దాని వెనకున్న మనిషి భార్యను చంపాడేమోనన్న అనుమానం. 1954లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘రియర్ విండో’ కథ ఇంతే. 112 నిమిషాల సినిమాలో కెమెరా దాదాపు ఆ ఒక్క గదినీ, ఆ గదిలోంచి కనిపించేదాన్నీ విడిచిపెట్టదు. అయినా చివరి అరగంటలో ప్రేక్షకుడు కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంటాడు.

తొంగిచూడటం ఇక్కడ కథలో ఒక అంశంగా ఆగిపోలేదు, కెమెరాకే నియమమైంది. ఆ నియమాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు నిలబెట్టాలి, ఏ క్షణాన తెంచాలి అన్న మూడు నిర్ణయాలమీదే ఉత్కంఠ నిలబడుతుంది. వాటిని సినిమాలోంచి విడదీసి చూపించి, 8 నుంచి 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌లో వాడుకునే దారి చెప్పడం ఈ మార్గదర్శి పని. ఒక గది, ఎదురుగా రెండు మూడు కిటికీలు, ఒక కెమెరా, నలుగురు నటులు ఉంటే సరిపోతుంది.

1. ముందు సినిమాను మూడుసార్లు చూడండి

మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలా చూడండి. రెండోసారి ధ్వని పూర్తిగా ఆపేసి చూడండి. సంభాషణలు లేకుండానే కథ ఎంత అర్థమవుతుందో అప్పుడు తెలుస్తుంది. మూడోసారి నోట్‌బుక్‌తో కూర్చుని నాలుగు గడులు గీయండి: ఎవరు చూస్తున్నారు, ఏం కనిపించింది, చూసినవాడి ముఖం ఎలా మారింది, అతనికి తెలియనిది మనకు ఏం తెలుసు. నాలుగో గడి చాలావరకు ఖాళీగా ఉంటుంది. అది నిండే చోట్లే ఈ సినిమాకు కీలకం.

ప్రారంభ దృశ్యాన్ని మాత్రం విడిగా రాసుకోండి. పెరడంతా ఒక చుట్టు చుట్టిన కెమెరా, చెమటపట్టి నిద్రపోతున్న ఫొటోగ్రాఫర్ జెఫ్ ముఖం మీదికి వస్తుంది. థర్మామీటరు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. తర్వాత కట్టు వేసిన కాలు, పగిలిపోయిన కెమెరా, రేసు కారు ప్రమాదం ఫొటో, ఒక అమ్మాయి నెగటివ్, అదే ఫొటో ముఖచిత్రంగా ఉన్న పత్రికల దొంతర. ఒక్క మాట లేకుండా అతని వృత్తి, ప్రమాదం, స్వభావం, ఎండాకాలం, కిటికీలన్నీ తెరిచి ఉండటానికి కారణం, అన్నీ చెప్పేశాడు. మీ కథలో నాయకుడు ఎందుకు కదలలేడు, ఎదుటివాళ్లు తెరలు ఎందుకు వేసుకోలేదు అన్న రెండు ప్రశ్నలకు మొదటి నిమిషంలోనే వస్తువులతో జవాబు చెప్పాలి. ఈ రెండూ తేలకపోతే తర్వాత ఎంత బాగా తీసినా ప్రేక్షకుడు ‘తెర వేసుకోవచ్చుగా’ అనుకుంటూనే ఉంటాడు. కరెంటు పోయిన వేసవి రాత్రి దీనికి చక్కగా సరిపోతుంది. ఎదుటి ఇంట్లో ఇన్వర్టరు మీద ఒక్క దీపం వెలుగుతుంది, మన గది చీకట్లో ఉంటుంది.

2. కిటికీల పటం గీయండి

ఈ సినిమా కోసం పారామౌంట్ స్టూడియోలో న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్ పెరటిని, 31 అపార్టుమెంట్లను సెట్‌గా కట్టారు. స్టేజి నేలను తీసేసి, కింది అంతస్తును పెరడుగా వాడుకున్నారు. జెఫ్ గది అసలు నేల మట్టంలో వచ్చింది. అంత పెద్ద నిర్మాణం ఎందుకంటే, ప్రతి కిటికీ ఒకే చూపు కోణంలో, నిజమైన దూరంలో ఉండాలి. ఎవరు ఎటువైపు ఉంటారో పావుగంటలో మనకు కంఠతా వచ్చేస్తుంది. ఆ పరిచయం లేకుండా చివర్లో ‘అతను ఇటే వస్తున్నాడు’ అన్న భయం పుట్టదు.

మీ లొకేషన్‌లో చూసేవాడి కుర్చీని ఒక చుక్కగా పెట్టి, ఎదుటి కిటికీలకు అంకెలు వేయండి. ఎదుటి మనిషి తన గుమ్మం నుంచి మన గుమ్మం దాకా రావాలంటే ఎన్ని మెట్లు, ఎంత సమయం అన్నది నడిచి కొలవండి. ఆ నడక పట్టే సమయమే మీ క్లైమాక్స్ నిడివి.

కెమెరా ఎత్తు విషయంలో పొరపాట్లు ఎక్కువ. కూర్చున్న మనిషి కన్ను నేలనుంచి సుమారు 115–120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అతను చూసే షాట్లన్నీ ఆ ఎత్తునుంచే తీయాలి. నిలబడే ఎత్తులో ట్రైపాడ్ పెడితే కిటికీ గడప ఫ్రేములో వేరే చోట కనబడుతుంది. ప్రేక్షకుడు కారణం చెప్పలేకపోయినా ‘ఇది అతను చూస్తున్నది కాదు’ అని పసిగడతాడు. ట్రైపాడ్ కాళ్ల చోట్లు టేపుతో గుర్తుపెట్టండి, రెండో రోజు వచ్చినప్పుడు అక్కడే నిలపండి.

లొకేషన్ ఒప్పందం కూడా ఈ దశలోనే కుదుర్చుకోవాలి. ఫ్రేములోకి వచ్చే ప్రతి వాటా వాళ్ల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఏకాంతంలో ఉన్న స్త్రీని ఆమెకు తెలియకుండా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి దోషిగా తేలితే కనీసం ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ఇరుగుపొరుగు కిటికీల్లోకి టెలిఫొటో లెన్స్ తిప్పి ‘సహజంగా’ ఏదైనా దొరుకుతుందేమో అని తీయడం ససేమిరా పనికిరాదు. నటులు కానివాళ్లు ఒక్క క్షణం ఫ్రేములోకి వచ్చినా ఆ టేకు వదిలేయండి.

3. చూపు, దృశ్యం, ముఖం: మూడు షాట్ల కట్టు

సినిమా అంతా ఈ మూడు ఇటుకలతోనే కట్టారు. జెఫ్ ఎటో చూస్తాడు, కట్. అతను చూసింది కనిపిస్తుంది, కట్. అతని ముఖం. హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫోతో మాట్లాడినప్పుడు దీన్ని ఈ సినిమా ఉదాహరణతోనే వివరించాడు. జెఫ్‌గా నటించిన జేమ్స్ స్టూవర్ట్ చూస్తాడు, బుట్టలో కిందికి దించుతున్న కుక్కపిల్ల, స్టూవర్ట్ చిరునవ్వు: దయగల మనిషి. కుక్కపిల్ల బదులు కిటికీ దగ్గర అరకొర బట్టలతో కసరత్తు చేస్తున్న అమ్మాయిని పెడితే అదే చిరునవ్వు అతన్ని కాముకుడిగా చూపిస్తుంది. మధ్య షాటే ముఖానికి అర్థం ఇస్తుంది.

దీన్ని చేతికి తెచ్చుకోవడానికి ఒక అభ్యాసం. నటుణ్ని కూర్చోబెట్టి ఒకే రియాక్షన్ క్లోజప్ 10 సెకన్లు తీయండి. ముఖంలో పెద్ద భావం వద్దు, కొంచెం శ్రద్ధ చాలు. తర్వాత మూడు వేర్వేరు కిటికీ దృశ్యాలు తీయండి: భోజనం వడ్డించుకుంటున్న ముసలాయన, తలుపు గడియ వేస్తున్న మనిషి, గోడమీద మరకను తడిగుడ్డతో తుడుస్తున్న మనిషి. ఒకే ముఖాన్ని మూడింటితో కలిపి ఎడిట్ చేసి చూడండి. ముఖం మూడు రకాలుగా నటించినట్లు అనిపిస్తే పద్ధతి పట్టుబడినట్టే. అనిపించకపోతే నటుడు అతిగా నటించాడన్నమాట. భావం తగ్గించి మళ్లీ తీయండి.

నిడివికి ఒక ఆరంభ కొలత: చూపు 2 సెకన్లు, దృశ్యం 4 నుంచి 6, ముఖం 2. కథ బిగిసేకొద్దీ దృశ్యాన్ని తగ్గించకండి, ముఖాన్ని తగ్గించండి. కొత్తవాళ్లు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. ముఖాన్ని పొడిగించి నేపథ్య సంగీతం పోస్తారు, చూడవలసినదాన్ని అరక్షణంలో తప్పిస్తారు. ప్రేక్షకుడికి తన కళ్లతో వెతుక్కునే వ్యవధి ఇవ్వాలి. ఆ వెతుకులాటలోనే అతను కూడా తొంగిచూసేవాడిగా మారిపోతాడు.

చూపు దిశ తప్పకూడదు. ఎదురుగా ఉన్న ప్రతి కిటికీకీ ఒక రంగు టేపు ముక్కను లెన్స్ పక్కన స్టాండు మీద అతికించండి. రెండో నంబరు కిటికీ ఎడమకు, కొంచెం కిందికి ఉంటే నటుడు ఎర్ర టేపును చూడాలి. ముఖాలను ఒకరోజు, కిటికీలను మరోరోజు తీసినా అప్పుడు చూపు కుదురుతుంది.

4. లెన్స్, వెలుతురు, అడ్డంకులు

ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో ముందే లెక్కకట్టుకోవచ్చు. సెన్సార్ వెడల్పును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె) భాగించి దూరంతో గుణించండి. ఎదుటి కిటికీ 12 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు) మీద 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో సుమారు 8.6 మీటర్ల గోడ కనిపిస్తుంది, అంటే మామూలు కంటిచూపు. 135తో 3.2 మీటర్లు, 200తో 2.2 మీటర్లు. 1.2 మీటర్ల కిటికీ అప్పుడు ఫ్రేములో సగానికి పైగా నిండుతుంది. జెఫ్ మొదట మామూలు కంటితో చూస్తాడు, తర్వాత బైనాక్యులర్, ఆ తర్వాత పొడవాటి టెలిఫొటో లెన్స్. ఆ వరుసను మీరూ పాటించండి: 50తో మొదలుపెట్టి, అనుమానం పుట్టాక 135, నమ్మకం కుదిరాక 200. మొదటి నిమిషంలోనే 200 వాడేస్తే తర్వాత దగ్గరికి వెళ్లడానికి ఏమీ మిగలదు. అన్నిటికంటే ముఖ్యం, హత్య చేసినవాడి ముఖం మీదికి మామూలు క్లోజప్ తీయొద్దు. అతను దూరంగానే ఉండాలి.

చిత్రీకరణకు మంచి సమయం సూర్యాస్తమయం తర్వాత సుమారు 20 నిమిషాలు. ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది, కిటికీలు వెలుగుతుంటాయి. ఎదుటి గదిలో దీపం వెలుతురు బయటి గోడకంటే ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఉండేలా చూడండి. మన గదిలో దీపాలు పూర్తిగా ఆపండి, కెమెరా వెనక నల్లగుడ్డ కట్టండి. లేదంటే అద్దంలో మీ యూనిట్ అంతా ప్రతిబింబిస్తుంది.

మన ఇళ్లలో ప్రత్యేకంగా రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది దోమతెర జాలి. కెమెరా వైపు జాలిమీద ఏ మాత్రం వెలుతురు పడ్డా చిత్రం తెల్లబారిపోతుంది, కాబట్టి దాన్ని విప్పేయండి. ఎదుటి కిటికీ జాలి సెన్సార్ గళ్లతో కలిసి అలల్లాంటి గీతలు పుట్టిస్తుంది. వీలైతే దాన్నీ తీయించండి, లేకపోతే ఫోకస్‌ను జాలిమీద కాకుండా వెనకున్న మనిషిమీద నిలపండి. రెండోది ఇనుప గ్రిల్. ఆటోఫోకస్ దాన్నే పట్టుకుంటుంది, అందుకే మాన్యువల్ ఫోకస్ తప్పదు. గ్రిల్‌ను తీసేయకండి, చూపును అడ్డుకునే ఏ వస్తువైనా ఈ కథకు సాయపడుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరాను సెకనుకు 25 ఫ్రేములకు, షట్టరు 1/50 సెకనుకు పెట్టండి. 24 ఫ్రేములు కావాలన్నా షట్టరు మాత్రం 1/50 దగ్గరే ఉంచండి, లేకపోతే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు తెరమీద కొట్టుకుంటాయి.

దూరంలో ఉన్న నటులకు సూచనలు ఇవ్వడం మరో సమస్య. హిచ్‌కాక్ ఎదుటి అపార్టుమెంట్లలో ఉన్న నటుల చెవుల్లో చర్మం రంగు ఇయర్‌పీసులు పెట్టించి రేడియోలో మాట్లాడేవాడు. మీకు ఫోన్ కాన్ఫరెన్స్ కాల్, ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ చాలు.

5. శబ్దం: మాట వినపడకూడదు

జెఫ్ అనుమానించే థార్వాల్డ్, అతని భార్య గొడవపడటం చూస్తాం, మాటలు అందవు. ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతం టైటిళ్లతో ఆగిపోతుంది. తర్వాత వినిపించేదంతా రేడియోలు, పాట కట్టుకుంటున్న సంగీతకారుడి పియానో, వీధి చప్పుళ్లు, పిల్లల కేకలు. ‘ఇప్పుడు భయపడు’ అని ప్రేక్షకుడికి ఎవరూ సైగ చేయరు.

చూసేవాడి కుర్చీ దగ్గర మైకు పెట్టి, అన్ని వేళల్లో 5 నిమిషాల చొప్పున పెరటి శబ్దం రికార్డు చేసుకోండి. ఎదుటి ఇంటి మాటలను విడిగా రికార్డు చేస్తే, 3 కిలోహెర్ట్జ్‌పైన ఉన్న సన్నని ధ్వనులను కోసేసి, కొంచెం ప్రతిధ్వని కలిపి, అర్థం కానంతగా తగ్గించండి. మన గదిలోని శబ్దాలు మాత్రం స్పష్టంగా, దగ్గరగా ఉండాలి. కుర్చీ కిర్రుమనడం, గ్లాసు టేబుల్‌కు తగలడం, ఊపిరి. దగ్గరి శబ్దాన్నీ దూరపు శబ్దాన్నీ ఒకే స్థాయిలో కలపడం వల్లే చాలా షార్ట్ ఫిల్ముల్లో దూరం అన్న భావన చచ్చిపోతుంది.

6. మిగతా కిటికీలకు పని ఇవ్వండి

సినిమాకు మూలం కార్నెల్ వూల్రిచ్ 1942లో రాసిన కథ. అందులో ప్రేయసి లీసా లేదు. స్క్రీన్‌ప్లే రాసిన జాన్ మైఖేల్ హేస్ ఆమెను తెచ్చాడు, పెళ్లి చేసుకోవాలా వద్దా అన్న సందేహాన్ని జెఫ్‌కు అంటించాడు. దాంతో ప్రతి కిటికీ ఆ సందేహానికి ఒక జవాబైంది: తెర దించుకున్న కొత్త దంపతులు, లేని అతిథికి వైన్ పోసుకునే ఒంటరి మహిళ, మగవాళ్లను తప్పించుకుంటున్న నర్తకి, చివరికి భార్య పోరు పడలేని థార్వాల్డ్. అందుకే ఏ కిటికీ దండగ అనిపించదు.

షార్ట్ ఫిల్మ్‌లో అదనపు కిటికీలు రెండు మించొద్దు. నాయకుడి మనసులో ఉన్న ప్రశ్నను ఒక వాక్యంలో రాసి, ఆ ప్రశ్నకు సంబంధం లేని కిటికీని కొట్టేయండి.

7. ఎవరికి ఎంత తెలుసు

బల్ల కింద బాంబు ఉదాహరణ అందరూ చెబుతారు. ప్రేక్షకుడికి తెలియకుండా పేలితే 15 సెకన్ల ఉలికిపాటు, ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ఈ సినిమాలో దాన్ని ఇంకా సూక్ష్మంగా వాడారు. థార్వాల్డ్ వానరాత్రి పెట్టె పట్టుకుని పదేపదే బయటికి వెళ్లొచ్చాక, జెఫ్ కునుకు తీస్తాడు. అప్పుడు థార్వాల్డ్ నల్లబట్టల్లో ఉన్న ఒక స్త్రీతో కలిసి వెళ్లిపోవడం మనం చూస్తాం, జెఫ్ చూడడు. మర్నాటి నుంచి జెఫ్ ఎంత గట్టిగా వాదించినా మనలో ఒక మూల ‘భార్య బతికే ఉందేమో’ అన్న అనుమానం కదులుతూనే ఉంటుంది. మనకు ఎక్కువ తెలియడంవల్ల నమ్మకం పెరగలేదు, సడలింది. ఇంత తెలివైన ఎత్తు ఈ సినిమాలో మరొకటి లేదు.

మీ స్క్రిప్టులో నాయకుడు కళ్లు మూసుకునే క్షణాన్ని ఒక్కదాన్నే పెట్టండి. ఆ 5 సెకన్లలో అతని అనుమానానికి ఎదురు వెళ్లే ఆధారం చూపించండి. అతని అనుమానాన్ని బలపరిచేది చూపిస్తే వృథా, అతని వాదన విని ప్రేక్షకుడు విసుక్కుంటాడు.

ఇదే లెక్కలో కుక్కపిల్ల చనిపోయే రాత్రిని గమనించండి. కెమెరా మొదటిసారి పెరట్లోకి వెళ్లి ఇరుగుపొరుగు ముఖాలను దగ్గరగా చూపిస్తుంది. కుక్క యజమానురాలు అందరినీ తిట్టిపోస్తుంది. ఒక్క కిటికీ మాత్రం చీకటిగా ఉంటుంది, అందులో సిగరెట్టు నిప్పు వెలిగి తగ్గుతుంది. నియమం తెగడంవల్లే ఆ దృశ్యానికి అంత బరువు వచ్చింది. మీ సినిమాలో నియమాన్ని ఒక్కసారే తెంచండి. ఇష్టం వచ్చినప్పుడల్లా డ్రోన్ షాటో, ఎదుటి గదిలో క్లోజపో వేస్తే కట్టిన కట్టడమంతా కూలిపోతుంది.

8. ప్రేమించే మనిషిని అవతలికి పంపండి

లీసా థార్వాల్డ్ ఇంట్లోకి దూరినప్పటి నుంచి సినిమా మారిపోతుంది. చూస్తున్నవాడికి ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఏదో ఉంది, కానీ కాలు కదపలేడు. పైగా కింది వాటా ఒంటరి మహిళ మాత్రలు మింగబోతుండగా నర్సు స్టెల్లా, జెఫ్ అటు చూస్తారు, పోలీసులకు ఫోన్ చేస్తుంటారు. ఆ కాసేపట్లో థార్వాల్డ్ తిరిగొచ్చేస్తాడు. రెండు కిటికీలు ఒకేసారి శ్రద్ధను లాగేశాయి. మీ అదనపు కిటికీని సరిగ్గా ఇక్కడ వాడండి. ఈ భాగంలో ఎదుటి గది లోపలికి కెమెరా వెళ్లకూడదు. సహాయం చేయలేని దూరం కనబడితేనే భయం.

9. ఎదురు చూపు

పోలీసులు వచ్చాక లీసా చేతులు వెనక్కి పెట్టి, వేలికి పెట్టుకున్న థార్వాల్డ్ భార్య పెళ్లి ఉంగరాన్ని జెఫ్‌కు చూపిస్తుంది. థార్వాల్డ్ ఆ సైగను గమనిస్తాడు, తల ఎత్తుతాడు, నేరుగా లెన్స్‌లోకి చూస్తాడు. అప్పటిదాకా చీకట్లో భద్రంగా కూర్చున్నది జెఫ్ ఒక్కడే కాదు, మనమూ. ఆ చూపు తగిలింది ఇద్దరికీ.

దీన్ని తీయడానికి: 200 లెన్స్, కెమెరా కదలకుండా. నటుడు ముందు వస్తువును చూడాలి, ఒక లెక్కపాటు ఆగాలి, తర్వాత తల కాకుండా కళ్లు ముందు ఎత్తాలి. లెన్స్ మధ్యలోకి చూడాలి, పక్కకు ఒక వేలు జరిగినా దెబ్బ తగలదు. 12 మీటర్ల దూరంలో నటుడికి లెన్స్ కనబడదు కాబట్టి దాని పైన చిన్న ఎర్ర ఎల్‌ఈడీ కట్టండి. అది ఫ్రేములోకి రాదు. షాట్ 3 సెకన్లు నిలపండి, సంగీతం వద్దు.

ఆ తర్వాత జెఫ్‌కు ఫోన్ వస్తుంది, అవతల ఎవరూ మాట్లాడరు, లైను తెగుతుంది. మెట్లమీద అడుగుల చప్పుడు. తలుపు కింద వెలుతురు గీత ఆరిపోతుంది. మీరు రెండో దశలో కొలుచుకున్న నడక సమయాన్ని ఇక్కడ పూర్తిగా, కోత లేకుండా వాడండి. జెఫ్ చేతిలో ఉన్న ఆయుధం అతని వృత్తి పరికరమే, ఫ్లాష్ బల్బులు. చూడటంతో బతికేవాడు ఎదుటివాడి చూపును పోగొట్టి ప్రాణం కాపాడుకోవాలని చూస్తాడు. మీ నాయకుడి ఆయుధం కూడా మొదటి నిమిషంలో బల్లమీద కనిపించినదే అయ్యుండాలి.

ఎడిటింగ్ పూర్తయ్యాక కథ తెలియని ముగ్గురికి చూపించండి. ఎదుటివాడు లెన్స్‌లోకి చూసే క్షణంలో తెరను కాకుండా వాళ్లను గమనించండి. ఎవరూ కదలకపోతే, అంతకుముందు ఏదో కిటికీ షాట్‌లో మరో నటుడు పొరపాటున లెన్స్ వైపు చూసి ఉంటాడు. దాన్ని వెతికి తీసేసి, మళ్లీ కొత్తవాళ్లకు చూపించండి.